అయిదు స్టార్ల సార్

“నీకు చెప్పినా బుర్రకెక్కదు. కంపెనీ వాళ్లతోనే మాట్లాడుకుంటా” అని భర్త విసురుగా హాల్లోకి వెళ్లిపోయాడు. అతని కర్టెన్ల షాపు వెబ్‌సైట్ పొద్దుటి నుంచి తెరుచుకోవడం లేదు. ఒకసారి చూడనా అని అడిగినందుకు ఆమెకు దక్కిన జవాబు అది. ఆ సైటును నడిపే హోస్టింగ్ కంపెనీలోనే ఆమె ఉద్యోగం. పడకగదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కస్టమర్ల చాట్‌లకు జవాబులిస్తుంది. “కూర్చుని టకటకలాడించడం కూడా ఒక పనేనా?” అని అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ నవ్వుతుంది.

గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని కూర్చుందో లేదో తెర మీద కొత్త చాట్ వచ్చింది. షాపు పేరు చూసి ఆగిపోయింది. గోడకి అవతల ఉన్నది భర్తే. అతనికి కనిపించేది మాత్రం ఒక మగపేరు. ఆడపేరు కనబడితే కస్టమర్లు “కాస్త తెలిసినవాళ్లని పిలవమ్మా” అంటున్నారని మేనేజరు అక్కడి ఆడవాళ్లందరికీ మగపేర్లు తగిలించాడు.

“నమస్తే సార్. మీకు శ్రమ ఇస్తున్నా, ఏమనుకోకండి” అని రాశాడు భర్త. “తప్పు నాదే అనుకుంటా. నిన్న ఏవో ఫైళ్లు చెరిపేశాను.”

తప్పు నాదే! పెళ్లయినప్పటి నుంచి ఆ రెండు మాటలు ఆమె చెవిన పడలేదు. కూర మాడినా, పిల్లకి జ్వరం వచ్చినా, వానకి షాపులో సరుకు తడిసినా తప్పు ఆమెదే. ముక్కూ మొహం తెలియని మగాడి దగ్గర మాత్రం అడక్కుండానే ఒప్పేసుకున్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కంగారు పడకండి, మీ సైటు కాపీ మా దగ్గర భద్రంగా ఉంది అని ధైర్యం చెప్పింది. ఆ కాపీ ఎక్కించింది. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలో ఓపిగ్గా విడమరిచి రాసింది.

“మీరు దేవుడు సార్!” అంటూ అయిదు స్టార్లు వచ్చి పడ్డాయి.

కాసేపటికి అతను గుమ్మంలోకి వచ్చాడు. “చూశావా, మగాడు పట్టుకుంటే పని ఎలా అవుతుందో! ఏం మర్యాద, ఏం ఓపిక! మీ ఆఫీసు మనిషేగా, చూసి నేర్చుకో.”

ఆమె లాప్‌టాప్‌ని అతనివైపు తిప్పింది.

చదివాడు. మొహం మాడిపోయింది. మెచ్చుకుంటాడేమోనని ఆమె ఒక్క క్షణం, వెర్రిగా, ఎదురుచూసింది.

“మొగుడిచేత సార్ అనిపించుకుంటావా? ఎంత పొగరే నీకు!” అంటూ ఫోను తీసి, అక్కడే నిలబడి, అయిదు స్టార్లను ఒకటి చేశాడు. కింద ‘కస్టమర్‌ని మోసం చేశారు’ అని కూడా రాశాడు.

అతను గుమ్మంలోంచి కదలకముందే మేనేజరు ఆమెకు ఫోను చేశాడు. “ఏమైందమ్మా? ఇప్పుడేగా అంత పొగిడాడు! ఏం చెప్పి సర్దుదాం?”

“ఏమీ సర్దొద్దు సార్. ఆయన రాసింది నిజమే, లేని మగాణ్ణి చూపించాం. ఇకనుంచి నా పేరే పెట్టండి.”

“కస్టమర్లు ఒప్పుకోరమ్మా...”

“ఒప్పుకోనివాళ్లు,” అంది ఆమె, భర్త కళ్లలోకి సూటిగా చూస్తూ, “వాళ్ల సైటు వాళ్లే బాగుచేసుకుంటారు.”