రెండో సాక్షి

అది ఏడో ఏడు. ఆ ఏడాది మా యూదా కొండల్లో ఎవరూ దున్నకూడదు, విత్తకూడదు. దానంతటది మొలిచిన గింజ పేదలది. ధర్మశాస్త్రం అది. రాజుగారి మనిషి ఎల్నాతాను మాత్రం లోయలో తన పొలాల చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. పిడికెడు యవలు దూసుకుందని విధవరాలు హెలాను అతని పెద్దపాలేరు జబ్ది కర్రతో బాదాడు. ఆమె మోచెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను. విని, గాడిద మీద ఉప్పు బస్తాలు సర్దుకుని నా దారిన పోయాను. ఎల్నాతాను ఇంటికి బస్తాలు పోతాయి, హెలా కొనేది చిటికెడు.

లేవీయుడు యెకమ్యా అలా పోలేదు. బలిపీఠం దగ్గర ఊడిగం చేసే మనిషి, సొంతానికి జానెడు నేల లేదు. జనాన్ని ఊరి గవిని దగ్గర, పెద్ద ద్వారం నీడలో పోగేశాడు. తను తక్కువ మాట్లాడి అందరిచేతా మాట్లాడించాడు. కుమ్మరి భయమన్నాడు. గొర్రెలకాపరి కంచె తగలబెడదామన్నాడు. పొద్దువాలే దాకా పోట్లాడుకుని ఒక కట్టుబాటుకు వచ్చారు. అందరూ కలిసే పోవాలి. గింజ తప్ప ఏదీ ముట్టకూడదు. ముందు నడిచినవాడు చివర తినాలి.

"ముందు నడిచేదెవరయ్యా?" అంది హెలా.

"ఇవాళ నేను. రేపు ఇంకొకరు. ఎప్పుడూ నేనే అయితే, నన్ను తీసేస్తే సరిపోతుంది గదమ్మా వాళ్ళకి."

కానీ జనం అతన్నే ముందుకు తోశారు. మూడు రోజులు కంచె తొలగించి, గింజ దూసుకుని కలిసి వండుకున్నారు. మూడు రోజులూ అతనికి మిగిలింది కుండ అడుగే.

నాలుగో రోజు జబ్ది నా అంగడికొచ్చాడు. యెకమ్యా వేరే దేవుళ్ళకు మొక్కమన్నాడని చెప్పడానికి తానొక సాక్షి, ఇంకొకడు కావాలి. ఒక్కడి మాట మీద మా దగ్గర ఎవర్నీ చంపకూడదు. చెబితే రాజుగారి కోటకు ఉప్పు తోలేది నేనే. చెప్పకపోతే నా గాడిదలు లోయ దాటవు. బేరీజు వేసుకున్నాను. నాకు ఆరుగురు పిల్లలు, అతనికి ఎవరూ లేరు. చెప్పాను.

ఒక్కటి లెక్కలో వేసుకోలేదు. అలాంటి తప్పుకు రాళ్ళతో కొట్టి చంపుతారు; మొదటి రాళ్ళు సాక్షులే వేయాలి, తరవాతే జనం.

జబ్ది రాయి అతని భుజానికి తగిలింది. నా వంతొచ్చింది. యెకమ్యా నావైపు చూశాడు.

"ఇమ్రీ, రోజూ తూచేవాడివి. ఆ రాయినీ ఓసారి తూచి వెయ్యి."

తూచాను. వేయలేకపోయాను. అబద్ధం చెప్పానని అందరికీ వినబడేలా అన్నాను. హెలా విరగని చేత్తో తన రాయి కింద పెట్టింది. కుమ్మరి పెట్టాడు. కాపరి పెట్టాడు. ఒక్కరూ విసరలేదు.

ఏం లాభం? ఎల్నాతాను సిపాయిలు అతన్ని ఈటెలతో పొడిచి చంపారు.

మర్నాడు హెలా ముందు నడిచింది, పట్టుకుపోయారు. ఆ మర్నాడు కుమ్మరి. ఇద్దరూ తిరిగిరాలేదు. కంచె ఇప్పుడు రెండు వరసలు. లోపల యవలు రాలి మట్టిలో కలుస్తున్నాయి. నా గాడిదల్నీ తోలుకుపోయారు.

అబద్ధసాక్షికి అదే చావు పడాలని ధర్మశాస్త్రం. గవిని దగ్గర కూర్చుని, నన్ను చంపండన్నాను. కాపరి ఎగాదిగా చూశాడు.

"నిన్ను చంపితే మాలో ఒకడు తగ్గుతాడు. రేపు ముందు నువ్వు నడువు."

గెలుస్తామని నాకు లేదు. ఎటు తూచినా మా వైపు ముల్లు మొగ్గడం లేదు. తెల్లారింది. నా భార్య రొట్టెముక్క చేతిలో పెట్టింది. పిల్లలకిచ్చేసి బయల్దేరాను. ముందు నడిచేవాడు చివర తినాలి.