పంజాగుట్ట బంగ్లా నుంచి వచ్చిన పెద్ద బూర

అమీర్‌పేటలో ఎల్లేశం పేరు చెబితే జనానికి కుట్టుపని కన్నా ముందు పాటలు గుర్తుకొచ్చేవి. సిరిసిల్లలో మగ్గం వదిలిపెట్టి, పట్నం వచ్చి దర్జీ పనిలో కుదురుకున్న మనిషి. ఇంటి ముందుగదిలో ఒక మూల కుట్టు మిషను, ఇంకో మూల చావి ఇచ్చి తిప్పే గ్రామఫోను. ఆ గ్రామఫోనుకు ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న చిన్న ఇత్తడి బాకా ఉండేది.

ఆ బాకా ముందు పీట వేసుకుని ఎల్లేశం తల్లి పోశవ్వ కూర్చునేది. ఆమెకు వినికిడి తక్కువ. చెవి నేరుగా బాకా మూతిలో పెట్టేసేది. ఆమె తల అడ్డం ఉన్నంతసేపూ మిగిలినవాళ్లకు పాట సగమే అందేది. వంటింట్లో ఉన్న కోడలు కాంతవ్వకైతే దోమ రొద చేసినట్టు వినిపించేది. పాటలంటే ఆమెకు ఇష్టమే కానీ, మొగుడికి ఉన్నంత పిచ్చి లేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఎల్లేశం, అతని స్నేహితుడు సాలమన్ కలిసి ఒక వింత వస్తువును మోసుకుంటూ వచ్చారు. బండి చక్రమంత మూతి, మనిషంత పొడవు, నల్లరంగు పూసిన దళసరి అట్ట. గ్రామఫోను బాకాయే! దారిలో ఒక జట్కా గుర్రం దాన్ని చూసి బెదిరి, బండితో సహా జొన్నచేలోకి దిగిపోయిందట. ఆ సంగతి చెప్పి ఇద్దరూ పడీపడీ నవ్వారు.

కాంతవ్వకు నవ్వు రాలేదు. గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"గిదేందయ్యా! గిది ఇంట్ల పెడితే మనం యాడ పండాలె?"

"జర విను వదినె," అన్నాడు సాలమన్. అతను పంజాగుట్టలో ఒక ఇంజనీరు బంగ్లాలో వంట చేస్తాడు. "మా సాబుకు ఔరంగాబాద్ బదిలీ అయింది. గిది రైల్ల పట్టదని నాకిచ్చిపోయిండు. మా ప్రార్థన గదిల పెడదామంటే, గిది పెట్టినంక పాస్టరయ్యకు నిలవడనీకి జాగ ఉండది. ఆడున్న గ్రామఫోను బూర తుప్పు పట్టి చిల్లులు పడ్డది. గందుకే, మీ చిన్నది మాకిచ్చి గీ పెద్దది మీరు పెట్టుకోండ్రి."

"ఆదివారం దాక పెట్టి చూద్దాం," అని బతిమాలాడు ఎల్లేశం. "నచ్చకుంటే సాలమన్ తమ్ముడే తీస్కపోతడు."

కొత్త బాకా గొంతు గ్రామఫోను మెడలో సరిగ్గా కూర్చోలేదు. ఎల్లేశం కాన్వాసు పీలిక చుట్టి బిగించాడు. సాయంత్రం అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టి, తనకు ప్రాణమైన పాట పెట్టాడు.

గది దద్దరిల్లింది. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టిన పోశవ్వ అదిరిపడి వెనక్కి జరిగింది.

"నా చెవుల పిడుగు పడ్డదిరో!"

ఎల్లేశం ముఖం చిన్నబోయింది. ఏళ్ల తరబడి అరగదీసిన గ్రామఫోను ప్లేట్ల మీది గీతలన్నీ ఆ బాకాలోంచి చిటపటమంటూ బయటపడ్డాయి. ఇంకో ప్లేటు పెట్టాడు. అదీ అంతే.

"గీకుడే ఇనవడుతుంది గానీ పాటేది?" అని తల పట్టుకున్నాడు. "ఇగ వద్దులే. వాపస్ ఇచ్చేద్దాం."

గెలిచినందుకు కాంతవ్వ సంతోషించాల్సింది. కానీ పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్న మొగుణ్ని చూస్తే ఆమెకే ఏదోలా అనిపించింది.

తెల్లవారి కాంతవ్వ గల్లీ చివరి బావికి నీళ్లకు వెళ్లింది. చేద పైకి లాగుతుండగా ఇంటివైపు నుంచి అదే పాట వినిపించింది. వాపస్ ఇచ్చేముందు చివరిసారిగా ఎల్లేశం పెట్టుకున్నట్టున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆమె చేతిలో తాడు అలాగే ఆగిపోయింది. పై చరణం అందుకోబోయే ముందు పాడే మనిషి ఊపిరి పీల్చుకుంది. చిన్నగా, కాస్త తడబడుతూ, ఎదురుగా నిలబడ్డ మనిషి పీల్చుకున్నట్టే. ఆ పాట కాంతవ్వ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. పాడేది ఒక ఆడమనిషి అనీ, ఆమెకూ ఆయాసం వస్తుందనీ ఒక్కనాడూ తోచలేదు. గీతల చప్పుడు గల్లీలోనే ఎక్కడో రాలిపోయింది. బావి దాకా పాట ఒక్కటే వచ్చింది.

చేద గట్టు మీద వదిలేసి పరుగెత్తింది.

"బూర ఇయ్యకు! ఉండనీ!"

ఎల్లేశం తెల్లబోయాడు. "నిన్న నువ్వే గద వద్దంటివి?"

"నిన్న మనం దాని నోట్లనే కూసున్నం. గంత గొంతున్నోని ముంగట మూరెడు దూరంల కూసుంటే ఏం సమజైతది? నువ్వు బావికాడికి పో. నేను పెడత."

"నువ్వా? ప్లేటు మీద గీత పడ్తది!"

"ఉన్న గీతలు సాలవన్నట్టు మాట్లాడుతున్నవ్. పో!"

ఎల్లేశం గ్రామఫోనును ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. ఆ పొద్దు కాంతవ్వ మొదటిసారి చావి తిప్పింది. పిల్ల తలలో పేను తీసేంత నేర్పుగా ముల్లు దించింది. పాట అయిపోయాక కూడా మొగుడు తిరిగి రాకపోతే తనే బావి దగ్గరికి వెళ్లింది. అతను గట్టు మీద కూర్చుని, అరచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఆమె ఊపిరి తీస్కుంటుంది కాంతవ్వా," అన్నాడు.

"నేను గదే చెప్తున్న."

ఆ రోజే కుట్టు మిషను వరండాలోకి చేరింది. బట్టల మీద దుమ్ము పడుతుందని ఎల్లేశం సణిగాడు కానీ, అక్కడ వెలుతురు బాగుందని సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒప్పుకున్నాడు. బాకా మూతి వాకిలి వైపు తిరిగింది. వినేవాళ్లు వాకిట్లో చిక్కుడు పందిరి కింద కూర్చోవాలి.

పోశవ్వ మాత్రం చిన్న బాకాను ఒళ్లో పెట్టుకుని కదలలేదు.

"గిది నాది. ఎవ్వలకియ్య."

కాంతవ్వ వాదించలేదు. పందిరి కింద మంచం వాల్చి, అత్తను కూర్చోబెట్టి, పాట పెట్టి వచ్చింది. పోశవ్వ పట్టించుకోకుండా విస్తరి కుడుతోంది. కాసేపటికి చేతిలో పుల్ల ఆగింది. తల పక్కకు వంచింది. ఇంటివైపు వేలు చూపించింది.

"నడుమల ఎవలో తబలా కొడ్తున్నరు. గింతకు ముందు లేకుండె గదా?"

"ముందు సుత ఉండె అత్తా!" అని కాంతవ్వ ఆమె చెవిలో అరిచింది.

"మరి నాకెందుకు చెప్పలే?" అని పోశవ్వ కోప్పడింది. అందరూ కలిసి ఏదో దాచిపెట్టినట్టు ఆ పూటంతా మూతి ముడుచుకునే ఉంది. కానీ మంచం మీద నుంచి లేవలేదు.

ఆదివారం సాలమన్, అతని భార్య జీవమణి వచ్చారు. పెద్ద బాకాను తీసుకుపోవాల్సి వస్తుందేమోనని సాలమన్ తలపాగా గట్టిగా చుట్టుకుని మరీ వచ్చాడు. వాకిట్లో మంచాలు, చాపలు, పక్కిళ్లవాళ్లు. అంతమందికీ చాయ పోయలేక కాంతవ్వ విసుక్కుంటూనే, తర్వాత ఏ ప్లేటు పెట్టాలో లోపల్నుంచి కేకేసి చెబుతోంది.

పోశవ్వ చిన్న బాకాను చింతపండుతో తోమి తళతళలాడించింది. దాన్ని తనే జీవమణి చేతుల్లో పెట్టింది.

"పైలంగ పట్టుకో బిడ్డా. గీడ జర సొట్ట ఉన్నది, ఏం ఫికర్ లేదు."

జీవమణి దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, సంచిలోంచి ఒక ప్లేటు తీసి ఎల్లేశానికి ఇచ్చింది. తమ ప్రార్థన గదిలో పాడే కీర్తన అట. ఎల్లేశం పెట్టాడు. ఆడా మగా గొంతులు గుంపుగా లేచి వాకిలంతా నిండాయి. మాటలాడుతున్నవాళ్లు ఆగిపోయారు. పోశవ్వ తాళం వేస్తూ మంచం పట్టె మీద వేళ్లతో తట్టింది.

"మస్తుగున్నది. ఎవల పెండ్లి పాట పిల్లా?"

"పెండ్లి పాట కాదవ్వా!" జీవమణి నవ్వు ఆపుకుంటూ అరిచింది. "ప్రభువు పాట!"

"ఎవలదైతేంది," అంది పోశవ్వ. "మల్లొకపారి పెట్టుమను."