మా ఇంటి ముందే వెయ్యండి

కాలనీలన్నిటినీ హైవేకి కలిపే ఆ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ కావాలని అందరూ అడిగారు. ఎవరి ఇంటి ముందు అనేసరికి అందరూ నోళ్లు మూసుకున్నారు. బరువుతో వచ్చే లారీ ఒక్కసారి ఆ గట్టు ఎక్కి దిగితే ఇల్లంతా అదురుతుందని తెలియనివాళ్లు లేరు. అందుకే ఇంటివాళ్లు ఒప్పుకున్నచోటే వేస్తానన్నాడు రోడ్డు మేస్త్రీ.

“మా ఇంటి ముందే వెయ్యండి,” అంది కోడలు.

మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు. “తర్వాత తీసెయ్యమంటే కుదరదమ్మా.”

“పిల్లలు తిరిగే రోడ్డు. ఎవరో ఒకరు ఒప్పుకోవాలిగా.”

“నీ మనసు బంగారం వదినా!” అంది పక్కింటావిడ, తన గుమ్మం తప్పినందుకు తేలిగ్గా ఊపిరి వదులుతూ. వింటుంటే కోడలికి తను నిజంగానే మంచిదాన్ననిపించింది. ఆ భావన ఇంటి గుమ్మం దాకా నిలిచింది.

ముందు గదిలో, రోడ్డువైపు కిటికీ కింద, తుంటి ఎముక విరిగిన అత్త మంచం. ఎవరి కాలైనా ఆ మంచానికి తగిలితే చాలు, ఆవిడ పళ్లు బిగబట్టేది. కోడలి ఆలోచన చిన్నదే. ఈ అదురు పడలేక అత్త తనంతట తానే కూతురింటికి పంపమనాలి. తను పొమ్మన్నట్టు ఉండకూడదు. వెనక గదిలో కుట్టుమిషన్ ముందు కూర్చుంటే “అమ్మాయ్” అన్న కేక వినపడని పూట ఒక్కటైనా కావాలి.

గట్టు వేశారు. మొదటి లారీకే అత్త ముఖం పాలిపోయింది. కోడలు మంచినీళ్లిచ్చింది. గ్లాసు అందుకోవడానికి అత్త మంచం పట్టె వదల్లేకపోతుంటే తనలో ఏదో తీరిగ్గా కాళ్లు చాపుకోవడం గమనించింది. సిగ్గుపడాలనుకుంది. సిగ్గు రాలేదు.

సాయంత్రం కొడుకు అడిగాడు. “కొన్నాళ్లు అక్క దగ్గర ఉంటావా అమ్మా?”

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఎందుకురా? ఇక్కడ వెయ్యమని మీ ఆవిడే అడిగిందటగా. పక్కింటావిడ వచ్చి ఒకటే మెచ్చుకోవడం!” అత్త కోడలి కళ్లలోకి చూసి నవ్వింది. “కాకపోతే లారీ వస్తే గుండె జారిపోతోంది. మనిషి పక్కనుంటే ధైర్యం. ఆ మిషనేదో ఇక్కడ పెట్టించు. నా కళ్లెదుటే కుట్టుకుంటుంది.”

“నిజమే. కిటికీ వెలుతురు కూడా బాగుంటుంది,” అంటూ అతనే మిషన్ మోసుకొచ్చాడు.

అదిరినప్పుడల్లా కుట్టు వంకరపోయేది. విప్పి మళ్లీ వేసేది. మిషన్ చప్పుడులో ఆమెకు లారీలు వినపడేవి కావు. రోజంతా చెవి రోడ్డుకే అప్పగించిన అత్తకు మాత్రం బరువు లారీ మలుపు దగ్గరున్నప్పుడే తెలిసిపోయేది. వెంటనే మంచం పట్టె పట్టుకునేది. ఆ చేతిని చూసి కోడలు మిషన్ ఆపడం నేర్చుకుంది. వాళ్లిద్దరి మధ్య ఉన్న నమ్మకం అదొక్కటే.

ఒక మధ్యాహ్నం కోడలు కాలర్ కుడుతోంది. అత్త చేయి కదల్లేదు.

ఇల్లు అదిరింది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. కోడలు కెవ్వుమని తల తిప్పింది.

అత్త రెండు చేతులూ దుప్పటి కింద ఉన్నాయి. ఏ ఆసరా లేకుండా అదురంతా తుంటితోనే భరించినట్టుంది, కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

“చూసుకుని కుట్టుకోవద్దూ, అమ్మాయ్,” అంది.