నడుమో, పిర్రో

చలిగది తలుపు తీసే ముందు లింగరాజు తాళాన్ని రెండుసార్లు లాగి చూస్తాడు, రాత్రి ఎవరైనా కదిపారేమోనని. ముప్పై ఏళ్ళలో ఎవరూ కదపలేదు. ఆయనా లాగడం మానలేదు.

తర్వాత నూలు తొడుగులు, వాటిమీద రబ్బరు తొడుగులు, దళసరి కోటు, చెవులదాకా ఉన్ని టోపీ. యాభై తొమ్మిదేళ్ళ బక్క మనిషి. ఆ కోటులో దూరాడంటే గోనెబస్తాకి కాళ్ళు మొలిచినట్టుంటాడు. పెట్టెల మీద అంటించిన పట్టీలు తొడుగు వేలితో గీకి చూస్తాడు, విప్పి మళ్ళీ అంటించారేమోనని. తూకం వేసి, దించి, మళ్ళీ వేస్తాడు.

బర్మాలో, చౌక్తడా పేటలో, కోర్టుల వెనక వీధిలో ఉన్న ఆ హోటల్‌కి వచ్చే గొడ్డుమాంసమంతా ఆయన చేతుల మీదుగానే వంటింట్లోకి వెళ్ళాలి. పెట్టె మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉంటే అది చీటీ మీద రాసి ముక్కకి అంటిస్తాడు. రంప్, సర్‌లాయిన్, టాప్‌సైడ్, బ్రిస్కెట్. నలభై పేర్లు నోటికొచ్చు. ఒక్కదాని రుచీ తెలీదు.

తెలిసే వీల్లేదు కూడా. తాత శ్రీకాకుళం పక్క పల్లె నుంచి రేవులో బస్తాలు మోయడానికి వచ్చినవాడు. తెచ్చుకున్నవి రెండే, ఒక గోచీ, ఒక అమ్మవారు. ఇప్పటికీ ఆ ఇంట్లో గొడ్డుమాంసం మాట ఎత్తరు. సాయంత్రం చిమిండైంగ్‌లో ఇల్లు చేరేసరికి తులసమ్మ పెరట్లో నీళ్ళు తోడి ఉంచుతుంది. స్నానమయ్యాక మొగుడి చెయ్యి పట్టుకుని వాసన చూస్తుంది.

"సబ్బు వాసనేనే," అంటాడు.

"సబ్బు మీద సబ్బు ఎందుకు రాసినావో మరి," అంటుంది.

గుడి కమిటీ పెద్ద వాసుదేవరావు ఇంకా గట్టివాడు. పదేళ్ళ కిందట లింగరాజు అరచేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చేయించాడు. ముట్టేది తొడుగులతోనే, నోట పెట్టింది లేదు, పెట్టబోయేది లేదు అని. అప్పుడుగానీ అమ్మవారి పల్లకీ బొంగు పట్టనివ్వలేదు. అరచేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ రోజు ఉదయం ఉతికిన ఏప్రన్లు తెచ్చిన రాధాకుమారి అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చింది. బట్టల విభాగంలో పని, తమవాళ్ళ పిల్లే.

"బాబాయ్, నీ మీద ఏటో అనుకుంతన్నారు."

"ఏటంట?"

"మెత్తని ముక్కలు దాచేసి గట్టివి పంపుతున్నావంట. ఇవాళ్టినుంచి గేట్‌కాడ నీ బ్యాగ్ చెక్ సేత్తారంట. మేనేజర్ రూమ్‌లో టవల్స్ ఎడతంటే ఇనిపించింది."

"ఎవరన్నారు?"

"జర్మనీ చెఫ్."

లింగరాజు ఆమె మొహంలోకి పట్టి చూశాడు. "ఇంకెవరికి సెప్పినావు?"

"అమ్మతోడు, ఎవరికీ సెప్పనేదు!"

నమ్మలేదు. విన్న పది నిమిషాల్లో తన దగ్గరికి పరిగెత్తుకొచ్చిన నోరు గుడి దాకా వెళ్ళడానికి ఎంతసేపు? బియ్యం దొంగిలించావంటే దొంగ అంటారు, అంతే. గొడ్డుమాంసం దొంగిలించావంటే తిన్నావంటారు. అప్పుడు అరచేతి మచ్చ ప్రమాణం కాదు, అబద్ధం. పల్లకీ సరే, తులసమ్మ విస్తరి కూడా విడిగా వేస్తుంది.

చెఫ్ హోల్గర్ వచ్చి రెండు నెలలు. ఎర్రటి మెడ, తెల్లటి కనురెప్పలు. రోజూ చీటీ రాసి పంపుతాడు: రంప్‌స్టేక్ పన్నెండు. లింగరాజు రంప్ పెట్టెలోంచి పన్నెండు తీసి పంపుతాడు. తన్లిన్ ఫ్యాక్టరీ నుంచి వారానికోసారి వచ్చే జర్మన్ ఇంజనీర్లు కత్తితో కోయలేక ప్లేట్లు వెనక్కి తోస్తున్నారు. తప్పు ఎక్కడ? కోసేవాడు కో తూన్ మార్చేస్తున్నాడా? పెట్టెలు దింపే లారీవాడా? ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టి జేబులు తడిమాడు లింగరాజు. ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు.

పదకొండింటికి చెఫ్ తనే లోపలికి వచ్చాడు. వెనక కో తూన్, ఇద్దరు వంటవాళ్ళు.

"నా రోస్ట్‌బీఫ్ ఎక్కడ?" అన్నాడు ఇంగ్లీషులో.

లింగరాజుకి అర్థం కాలేదు. "రోస్ట్‌బీఫ్ అంటే పొయ్యి మీద కాల్చింది కదా సార్. అది వంటింట్లో ఉంటుంది. నా దగ్గర అంతా పచ్చిదే."

తనని ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు చెఫ్. మెడ ఇంకా ఎర్రబడింది. పెట్టెలు జరిపాడు, అరల్లోకి చెయ్యి పెట్టాడు. వెనక గోడవారగా ఉన్న పొడవాటి ముక్కని లాగి బల్ల మీద పడేశాడు. దాని మీద లింగరాజు చేతిరాతతోనే చీటీ: సర్‌లాయిన్.

"ఇది! ఇదే రోస్ట్‌బీఫ్! రంప్‌స్టేక్ దీంట్లోంచి కోస్తారు. వేరే పేరు రాసి దాచావు!"

వంటవాళ్ళు లింగరాజు వైపు చూస్తున్నారు. దొరికిపోయినవాణ్ణి చూసే చూపది. ఆయన ఆ ముక్కని చూశాడు. చీటీ చూశాడు. ఎవరినీ నమ్మని ఆ బుర్రలో మొట్టమొదటిసారి మాట మీద అనుమానం పుట్టింది.

"సార్," అన్నాడు. "రంప్‌స్టేక్ ఎక్కడుంటుందో మీ ఒంటిమీద చూపించండి."

"ఏంటి?"

"మీ ఒంటిమీద సార్. చెయ్యి పెట్టి."

చెఫ్ కోపంగానే వెనక్కి తిరిగి నడుం మీద ఫట్‌మని చరుచుకున్నాడు.

లింగరాజు అంత కోటూ పైకెత్తి, వెనక్కి తిరిగి, పిర్ర మీద చరుచుకున్నాడు. "ఇంగ్లీషు రంప్ ఇక్కడ సార్. పెట్టె మీద ఇంగ్లీషే ఉంటుంది."

కో తూన్ పకపకా నవ్వాడు. వంటవాళ్ళు అందుకున్నారు. చెఫ్ మాత్రం నవ్వలేదు. తన పిర్ర తడుముకుని "హ్యూఫ్టె..." అని గొణిగాడు. దాన్ని వాళ్ళ దేశంలో అలా అంటారన్నమాట. జేబులోంచి ఆనాటి చీటీ తీసి, రంప్‌స్టేక్ కొట్టేసి సర్‌లాయిన్ అని రాసి, లింగరాజు చేతిలో పెట్టాడు. "గుడ్," అని వెళ్ళిపోయాడు. క్షమించమనలేదు. బహుశా ఆ మాట ఇంగ్లీషులో కూడా రాదేమో.

మధ్యాహ్నమంతా వంటింట్లో ఒకటే నవ్వులు. "ఊలే, ఇంకోసారి చూపించు!" అని బాబాయి వరస కలిపి బర్మా కుర్రాళ్ళు ఆటపట్టించారు. లింగరాజు కూడా నవ్వాడు. ఒళ్ళు తేలికైంది.

అయిదింటికి గేటు దగ్గర కాపలా కో మిన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సంచీ, ఊలే."

"అదంతా తేలిపోయింది కదా."

"కాగితం మీద ఉంది. రాసినవాళ్ళు కొట్టెయ్యలేదు."

లింగరాజు సంచీ ఇచ్చాడు. వెనక వరసలో రాధాకుమారి తల దించుకుని నిలబడింది. కో మిన్ తువ్వాలు దులిపాడు, గొడుగు విప్పాడు, టిఫిన్ గిన్నెలు ఒక్కొక్కటీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చింతపండు పులుసు వాసన వచ్చింది. మూతలు పెట్టి మర్యాదగానే తిరిగిచ్చాడు.

లింగరాజు వీధిలోకి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి చలిగదికి వెళ్ళాడు. అరగంట తర్వాత మేనేజర్ బల్ల మీద తాళంచెవి పెట్టాడు.

"ఇదేంటి? తప్పు నీది కాదని తేలింది కదా!" అన్నాడు మేనేజర్. తెలుగువాడే, పేరు మూర్తి.

"సంచీ చూసినారు బాబూ. ఏటీ దొరకనేదు. రేపూ చూత్తారు. రేపూ దొరకదు. ఎన్నాళ్ళు దొరక్కపోతే నమ్ముతారు?"

ఆ సోదా కాగితం కొట్టేద్దామని మూర్తి సొరుగు లాగాడు. తలెత్తేసరికి మనిషి లేడు.

మర్నాడు తలుపు తీసింది చెఫ్. లోపల తలుపుకి నాలుగు మేకులతో కొట్టిన అట్టముక్క ఉంది. దాని మీద నీలం సిరాతో బొమ్మ. ఎద్దు కాదు, మనిషి. మెడనుంచి మడమలదాకా గీతలు గీసి, ప్రతి గడిలో జర్మన్ పేరు తెలిసినంతవరకు, దాని కింద ఇంగ్లీషు, దాని కింద తెలుగులో నడుము, పిర్ర, తొడ, పిక్క. బొమ్మ గీసినవాడు ముఖం గీయలేదు. ఆ మనిషి వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు.