దానియేలు పట్టిన మెట్టు

ఆ శనివారం గద్వాలకు వచ్చిన గిరిధర్‌కు చేయవలసిన పనులు ఇవి. నాయినకు బీపీ గోలీలు తేవాలి. అమ్మ చెప్పిన పచ్చ పట్టుదారం తేవాలి. స్పీకర్ల వైర్లు ఎలుకలకు అందకుండా గోడకు కొట్టాలి. కరెంటాయనను పిలిచి ఎర్తింగు చూపించాలి. రెండు డ్యాకుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎంచుకోనిదాన్ని సోమవారం పొద్దున్నే హైదరాబాద్ బస్సులో వెనక్కి పంపాలి.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఎర్తింగు దాకా అన్నీ అయిపోయాయి. ఎంచుకోవడం దగ్గరే చిక్కుపడింది.

గిరిధర్ గోపాల్‌పేట మండలంలో పంచాయతీ కార్యదర్శి. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. పాటంటే ప్రాణం. ఈ కాలంలో పాట కంప్యూటర్‌లో అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను స్పీకరు పలికే కరెంటుగా మార్చే పెట్టెనే డ్యాక్ అంటారు. ఫోనులోనూ ఆ పని చేసే చిన్న ముక్క ఒకటి ఉంటుంది గాని, మంచి డ్యాక్ ఆ పనే వ్రతంగా పెట్టుకున్నది. అతని డిగ్రీ స్నేహితుడు భానుప్రకాశ్ హైదరాబాద్‌లో ఇలాంటి సామాన్లు అమ్మే దుకాణంలో ఉన్నాడు. "రెండు తీస్కపో, ఇంట్ల విను, ఒకటి ఉంచుకో" అని నల్లదొకటి, తెల్లదొకటి ఇచ్చి పంపాడు.

తల్లి కిష్టమ్మ మగ్గం గుంటలో కూర్చునే ఆ పెట్టెలను చూసింది.

"పాడదు, పలకదు. ఏం డబ్బరా ఇది?"

"అమ్మా, అంచు డిజైను గ్రాఫు కాగితం మీద గళ్లుగళ్లుగ ఉంటది గద. దాన్ని చూసి నువ్వు మామిడి పిందె తీస్తవు. ఇది గూడ గట్లనే. గళ్లను చూసి పాట తీస్తది."

"అయితే మా కులందే అన్నట్టు. దీనికి నడుం నొప్పి రాదు గావచ్చు, అదృష్టవంతురాలు" అని కిష్టమ్మ పోగుల మధ్యకు నాడె విసిరింది.

గిరిధర్ తన కోసమే అయితే ఏదో ఒకటి ఉంచుకునేవాడు. తండ్రి కురుమూర్తి కోసం కాబట్టే ఇంత పరేషాన్.

కురుమూర్తి ఒకప్పుడు నేతగాళ్ల భజన బృందంలో ముందు పాడేవాడు. వెనక హార్మోనియం దానియేలుది. ఆదివారం చర్చిలో, శనివారం వీళ్ల భజనలో వాయించేవాడు. ఎవరైనా అడిగితే "మెట్లు అవే గదనే, పాటలే వేరే" అనేవాడు. ఒక ఏడు మల్దకల్ జాతరలో పాడుతుండగా నిండు మండపంలో కురుమూర్తికి చరణం మరుపొచ్చింది. నోట మాట లేదు. డోలు ఆగింది, తాళాలు ఆగాయి. అప్పుడు దానియేలు ఒక్క మెట్టు నొక్కి అలాగే పట్టి ఉంచాడట. పాట కింద పడకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ స్వరం పట్టుకునే చరణం గుర్తొచ్చిందని కురుమూర్తి చెబుతాడు.

దానియేలు పోయి చాలా ఏళ్లయింది. ఆ జాతర రోజు ఎవరో టేపులో పట్టిన భజన మొన్నీమధ్య కంప్యూటర్‌లోకి ఎక్కి, బృందం వాళ్ల ఫోన్లన్నిటికీ వచ్చింది. ఫోనులో వింటే చరణం మరచిన చోట ఏమీ లేదు. ఉత్త ఖాళీ. బృందంలో మిగిలిన ముసలివాళ్లు నవ్వారు. "కురుమూర్తీ, నువ్వు మర్చిపోయింది నిజం. వాడు పట్టింది నువ్వు కన్న కల" అన్నారు.

ఆ మాట కురుమూర్తికి ముల్లులా దిగింది. ఫోను చెవికి ఆనించుకుని అదే చోట మళ్లీ మళ్లీ విన్నాడు. చివరికి కొడుకుతో, "నా చెవులన్న పోయుండాలె, లేకుంటే నా మతన్న పోయుండాలె. ఏది పోయిందో జర చూడురా" అన్నాడు. గిరిధర్ డ్యాకు వేట అక్కడ మొదలైంది.

శనివారం సాయంత్రం నల్లది తగిలించాడు. భజన మొదలైంది. డోలు ఒళ్లు తెలిసేలా మోగింది. కురుమూర్తి పడుచునాటి గొంతు ముందు గదిలో నిలబడి పాడినట్టు వచ్చింది. తన గొంతుకు తానే తల ఊపాడు. ఖాళీ చోటు వచ్చింది. ఇద్దరూ ముందుకు వంగారు.

"వచ్చిండా?" గిరిధర్ అడిగాడు.

"రాలే."

తెల్లది తగిలించాడు. అందరూ వచ్చారు. దానియేలు రాలేదు. వైర్లు మార్చాడు, స్పీకర్లు జరిపాడు. కురుమూర్తి ముఖం చిన్నబోతూ వచ్చింది. "పోనీరా. వాళ్లే నిజమేమో" అన్నాడు.

ఆ మాట వినలేక గిరిధర్ భానుప్రకాశ్‌కు ఫోను కలిపాడు.

"అరే భానూ, నీ రెండు డబ్బల్ల ఒక్కటి గూడ పనికిరాలే."

"ఆగు ఆగు. ఆ పాట ఆపకు, నన్ను విననియ్యి." కొంచెం సేపు విని అడిగాడు. "ఆ ధన్ ధన్ ఏందిరా? రికార్డింగుల ఉందా?"

"ఏ ధన్ ధన్?"

"అరే, ధన్ ధన్ ధన్ అని కొడుతుంది గద! డోలు కాదు, ఇంకోటి."

గిరిధర్ చెవులు రిక్కించాడు. నిజంగానే తెలియలేదు. తండ్రి వైపు చూశాడు. ఆయన కూడా "ఏం ధన్ ధన్? ఏం లేదే" అన్నాడు. పక్క గదిలో కిష్టమ్మ పోగును బిగించే పలక గుంజి కొట్టింది.

"గదే! గదే!" అని ఫోనులో అరిచాడు భానుప్రకాశ్.

"ఓ... మగ్గమా" అన్నాడు గిరిధర్.

"మగ్గం పక్కన పెట్టుకొని డ్యాక్ పరీక్ష చేస్తున్నవారా? నా సర్వీసుల గిసొంటి కస్టమర్‌ను చూడలే!" వాడు నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేశాడు.

తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి విన్న చప్పుడు. అది చప్పుడని ఎప్పుడూ అనిపించలేదు. చేపను నీళ్లెట్లున్నయని అడిగితే ఏం చెబుతుంది?

"అమ్మా, జర ఆపుతవా?"

కిష్టమ్మ ఆపింది. అప్పుడు పక్కింటి మగ్గం వినిపించింది. దాని వెనక ఎదురింటిది. దాని వెనక వీధి వీధంతా.

"నేనొక్కదాన్ని ఆపితే అయితదా? దండోరా వేయించు, కార్యదర్శివి గద" అని కిష్టమ్మ ఎత్తిపొడిచింది. మళ్లీ తనే అంది. "రేపు అమాస. దండోరా లేకుండనే అందరు ఆపుతరు. గంత తొందరేముంది, రేపు వినుండ్రి."

అమావాస్య నాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు. పలకకు పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి వదిలేస్తారు. ఆదివారం పొద్దున గిరిధర్ లేచేసరికి వీధి కొత్తగా ఉంది. ఎక్కడో పాలాయన బండి, ఎవరింట్లోనో కుక్కరు కూత. అంతే.

కురుమూర్తి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పెండ్లికి వచ్చినవాడిలా కుర్చీలో కూర్చున్నాడు. కిష్టమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో కూర్చుంది. నల్లది తగిలించాడు. భజన నడిచింది. చరణం తప్పింది. డోలు ఆగింది.

ఆ ఖాళీలో ఒక స్వరం ఉంది. సన్నగా, గట్టిగా, ఒకే ఎత్తున. దాని కింద హార్మోనియం తిత్తి ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా ఉంది.

పాట మళ్లీ లేచింది. కురుమూర్తి కళ్లు తుడుచుకోలేదు, నవ్వాడు. "చెవులున్నయి. మతి గూడ ఉంది. దానియేలు గూడ ఉన్నడు" అన్నాడు.

"ఇగ ఇదే ఉంచుకుందాం నాయినా" అన్నాడు గిరిధర్.

"ఆ ఇంకోటి గూడ పెట్టు. దాని నోరెందుకు కొట్టాలె?"

తెల్లది పెట్టాడు. అందులోనూ స్వరం ఉంది. అయితే అంత స్పష్టంగా ముందుకు రాలేదు, కాస్త ఒదిగి ఉంది. గిరిధర్ మనసు నల్లదాని మీదే ఉంది. కురుమూర్తి మాత్రం కళ్లు మూసుకుని భజన అయిపోయేదాకా విన్నాడు.

"నాకు ఇదే మంచిగుందిరా."

"ఎందుకు? నల్లదాంట్లనే సాఫ్ వినొస్తుంది గద."

"దాంట్ల వాడు నా ముందుకొచ్చి కూసున్నడు. వాడెప్పుడు ముందట కూసున్నడు? ముందుకు రమ్మంటే, 'పాడేటోడు ముందుండాలె, పట్టేటోడు ఎనక ఉండాలె' అనేటోడు. దీంట్ల నా ఎనకనే ఉన్నడు."

గిరిధర్ మళ్లీ ఒకసారి విన్నాడు. అవును. ఈసారి అతనికీ తెలిసింది, ఎవరో వెనకనుంచి వీపు మీద చెయ్యి ఆనించినట్టు. అతను దానియేలును చూడలేదు, విన్నది ఈ రోజే మొదలు.

"తెల్లదే, అయితే" అన్నాడు.

"దాని మీద దుమ్ము గూడ కనబడదు" అంది కిష్టమ్మ.

సాయంత్రం బృందంలో మిగిలిన ముసలివాళ్లను పిలిచారు. చాయ్‌లు తాగారు. ఖాళీ చోటు వచ్చినప్పుడు ఒకాయన చేతిలోని కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. పాట అయ్యాక, "తప్పయింది కురుమూర్తీ" అన్నాడు. "నాకెందుకు చెప్తవు, వాడికి చెప్పు" అన్నాడు కురుమూర్తి. అందరూ నవ్వారు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు.

చదివినవారికి ఒక్క మనవి. ఎక్కడైనా భజనలోనో, చర్చిలోనో, పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట వెనక ఒక స్వరం ఆగకుండా నిలబడి ఉంటే, గద్వాల దానియేలును ఒక్కసారి తలచుకోండి.