మగ్గం చుట్టూ లేచాం

కాంట్రాక్టరు మా పెద్దమ్మ వీపు వెనక నుంచి దిండు లాగేశాడు. పెద్దమ్మ వెల్లకిలా పడబోయి, చేత్తో నేల పట్టుకుని ఆగింది. ఆయన దిండును కాలితో తొక్కిపట్టి చించాడు. దారపు చివరలు, గుడ్డ పేలికలు, రాలిన చమ్కీలు నేలంతా పడ్డాయి.

"నా షెడ్డులో చెత్త కూడా నాదే. దొంగిలించి దిండు కుట్టుకున్నావా?"

"నడుం ఆనటానికి బాబూ. ఊడ్చి పారేసేవే ఏరుకున్నాను."

"నడుం ఆనాలంటే ఇంటి దగ్గర మంచముంది. ఇది పని చేసే చోటు."

పెద్దమ్మ వంగి సూది తీసుకుంది. మేం ఎవ్వరం తల ఎత్తలేదు. నా నోట్లో మాట ఉంది కానీ పెదవి దాటి రాలేదు. నాకెప్పుడూ అంతే.

అక్కలారా, చదువుకునే అన్నలారా, మీ పెళ్లి బట్టల మీద పూలు ఎలా పూస్తాయో చెబుతాను. నాలుగు కర్రలు కట్టి, వాటికి గుడ్డను డప్పులా బిగిస్తే అదే మా మగ్గం. దాని చుట్టూ ఆరుగురం నేలమీద కూర్చుంటాం. కుడిచేయి గుడ్డ పైన సూదితో, ఎడమచేయి గుడ్డ కింద దారంతో. కొక్కెం ఉన్న సూది కిందికి దిగి, దారాన్ని పట్టుకుని పైకి వస్తుంది. ఒకరు లేస్తే కర్ర కదులుతుంది, గుడ్డ ఊగుతుంది, మిగతావాళ్ల సూది తప్పుతుంది. తప్పిన సూది కింద వేలిలోనైనా దిగుతుంది, పువ్వునైనా వంకర చేస్తుంది. ఒక్క పువ్వు వంకరపోయినా మగ్గం మీదున్న వాళ్లందరూ తమ కుట్టు విప్పి మళ్లీ కుట్టాలి. అది కాంట్రాక్టరు పెట్టిన చట్టం.

అందుకే మమ్మల్ని కాయడానికి ఆయనకు మనిషి అక్కర్లేదు. మాకు మేమే కాపలా. లేవాల్సి వస్తుందని పొద్దున ఇంట్లోనే నీళ్లు తాగడం మానేస్తాం. పాలు చేపుకొచ్చి రవిక తడిసినా మాలో ఉన్న బాలింత కదలదు. ఎవరైనా కాలు చాపితే చాలు, అందరి కళ్లూ ఆమెను కొరికేస్తాయి. దుమ్ము పడుతుందని కిటికీలకు మేకులు కొట్టించాడు. ఉన్నది ఒక్క బల్బు. మన తల నీడే మన సూది మీద పడుతుంది.

పెద్దమ్మ వేళ్లు కొన్నాళ్లుగా మొద్దుబారుతున్నాయి. పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దించి, చర్మం ఎర్రబడ్డాక గానీ కాలిందని తెలుసుకోలేదు. నన్ను పెంచింది ఆ చేతులే. ఆసుపత్రికి తీసుకెళితే నర్సమ్మ మణికట్టు నొక్కి చూసింది.

"వెనక ఏదైనా ఆనుకుని కూర్చో పెద్దమ్మా. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యి. వేళ్లు చాపు. తల ఎత్తి, దూరంగా ఉన్నదేదో కాసేపు చూడు, కళ్లకు మంచిది. ఇలాగే వదిలేస్తే ఈ చెయ్యి ఇక సూది పట్టదు."

అందులో పెద్దమ్మకు చేతనైంది దిండొక్కటే. అదీ పోయింది.

మధ్యాహ్నం తిండి వేళ షెడ్డు వెనక కుళాయి దగ్గర చేరాం.

"నర్సమ్మకేం, ఎన్నైనా చెబుతుంది," అంది రేడియో. ఆమె అసలు పేరు మేమెవరం వాడం. నోరు మూతపడదు, స్టేషన్లు మారతాయంతే. "దూరం చూడాలంట! ఈ కొట్టంలో దూరమెక్కడుంది, నెత్తి మీదా?"

"నవ్వకక్కా. రేపు మనదీ అదే గతి," అంది బాలింత.

"అయితే లే, ఎవరొద్దన్నారు? నా పువ్వు ఎవరు విప్పుతారు, నీ మొగుడా?"

"మొన్న నువ్వు తుమ్మితే నేను విప్పలేదా?"

"తుమ్ము రాకుండా ముక్కుకు తాళమేసుకోనా?"

మాట మాట పెరిగింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నాకోసం కొట్టుకోకండి తల్లీ. నా చెయ్యి, నా ఖర్మ."

ఆ మాట నాకు సూదిలా దిగింది. ఏదో అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"ఏంటే, దోమలా గొణుగుతావ్? గట్టిగా చెప్పు," అంది రేడియో.

నేల చూస్తూ చెప్పాను. "అందరం సూదులు పైకి తీసి, ఒక్కసారే లేస్తే... తప్పడానికి సూదే ఉండదు కదా."

రేడియో చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసింది.

"ఇన్నేళ్లూ ఇది మనకెందుకు తట్టలేదే?" అంది.

"ఎక్కడ తడుతుంది? ఒకళ్లనొకళ్లం కాపలా కాయడంతోనే సరిపాయె," అంది బాలింత.

పెద్దమ్మ గోటితో కర్ర మీద తట్టాలి, అందరం లేవాలి. అది మా నిర్ణయం.

మర్నాడు పొద్దెక్కాక గోరు టక్కుమంది. సూదులు పైకి వచ్చాయి. లేచాం. మోకాళ్లు పటపటలాడాయి. గుడ్డ మీద ఒక్క పువ్వు కూడా వంకరపోలేదు.

తలుపు దగ్గర కుర్చీలోంచి కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. "ఎవరు లేవమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అన్లేదు. నడుం అంది," అంది రేడియో. "ఆనుకోడానికి దిండ్లు కావాలి. కిటికీలు తెరవాలి. నీళ్లకూ, దొడ్డికీ లేవనివ్వాలి."

ఆయన నవ్వాడు. "మీ పెద్దమనిషికున్న బుద్ధి మీకు లేదే. చూడండి, ఎంత బుద్ధిగా కూర్చుందో."

అప్పుడు చూశాం. ఎవరి కోసం లేచామో ఆమె నేలమీదే ఉంది.

"నేను కూర్చోలేదు బాబూ. లేవలేకపోతున్నాను," అంది పెద్దమ్మ. తర్వాత మావైపు తిరిగి, "లేపండే నన్ను," అంది.

చంకల కింద చేతులేసి లేపాం. నిలబడింది. నిలబడ్డా నడుం వంగే ఉంది, మగ్గం ఇంకా ముందే ఉన్నట్టు.

కాంట్రాక్టరు సూది తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "పట్టుకో." వేళ్లు ముడుచుకోలేదు. సూది జారి పడింది.

"సూది పట్టలేనిదానికి మగ్గమెందుకు? రేపట్నుంచి రాకు."

"ఆమెను తీసేస్తే మేం..." అంది రేడియో.

"మీరేం? పోతారా? పోండి. మీ చోటు కోసం బయట ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా?"

మాకు తెలుసు. ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం. పెద్దమ్మ గోడ పట్టుకుని తలుపుదాకా నడిచింది. ఆ నడకను నేను చూడలేదు, విన్నాను. నా కళ్లు పువ్వు మీదే ఉన్నాయి. నాకు చేతనైంది అంతే.

సాయంత్రం ఆమె జడ నేనే వేశాను. "రేపు నేను పోను పెద్దమ్మా," అన్నాను.

"మానేసి ఏం చేస్తావ్? నా చెయ్యి తిరిగి తెస్తావా?" అని కసిరింది. నా వైపు తిరిగి, "పో. పోయి కూర్చో. కూర్చుని, మళ్లీ లే," అంది.

మర్నాడు ఆమె చోట్లో కొత్త మనిషి ఉంది. నాకు చెల్లెలయ్యే వయసు పిల్ల, నిటారు వీపు. దిండ్లు రాలేదు. కిటికీలు తెరుచుకోలేదు. పొద్దెక్కింది. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. తట్టే గోరు ఇప్పుడు మా మధ్య లేదు.

నా గోరు కర్రకు తగిలింది. నేనే తట్టానా, వణికి తగిలిందా, చెప్పలేను. చప్పుడు మాత్రం అందరికీ వినపడింది.

రేడియో సూది పైకి తీసింది. బాలింత తీసింది. లేచాం. కొత్త పిల్ల బిత్తరపోయి అందరినీ చూసింది. తర్వాత తన సూది జాగ్రత్తగా పైకి తీసి, తనూ లేచింది.

"మళ్లీనా? కూర్చోండి!" అని కాంట్రాక్టరు తలుపు దగ్గర నుంచే అరిచాడు.

వేళ్లు చాపాం. తల ఎత్తి దూరం చూడమంది కదా నర్సమ్మ. కిటికీలు మూసిన మా షెడ్డులో అన్నిటికన్నా దూరంగా ఉన్నది తలుపే. ఆ తలుపులో నిలబడింది కాంట్రాక్టరే. అందరం ఆయన్నే చూస్తూ నిలబడ్డాం.