కాజాలు లేని కోటు

మా ఆయన దర్జీ. ఊరందరికీ చెప్పిన రోజుకి కుట్టి ఇచ్చే మనిషి, నా కోటు దగ్గరికొచ్చేసరికి మాత్రం పదకొండేళ్లుగా "వచ్చే నెల చూద్దాంలే" అంటూనే ఉన్నారు. లోపలి అస్తరు చిరిగిన పాత కోటుతోనే నేను చలికాలాలు నెట్టుకొచ్చాను. అలాంటి మనిషి ఒక మంగళవారం బూడిదరంగు ఉన్ని గుడ్డ తెచ్చి, అడక్కుండానే నా భుజాల కొలత తీసుకుంటుంటే సంతోషం కలగలేదు, భయమేసింది.

ముందురోజే ఆసుపత్రికి వెళ్లొచ్చాం. ఆయన కుడి చూపుడువేలి మీద లేచిన గడ్డ తగ్గలేదు సరికదా, దాని వెనకాలే మోచేతి వైపు మరో మూడు వరసగా లేచాయి. చర్మం డాక్టరమ్మ అంతకుముందే ముక్క తీసి పరీక్షకు పంపారు. "చర్మం కింద పుట్టే అరుదైన కేన్సర్ కావచ్చు. ఇన్‌ఫెక్షన్ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది, కానీ ల్యాబ్‌లో సూక్ష్మజీవులేవీ పెరగలేదు. ఈ ముక్కని ఇంకో నిపుణుడికి చూపిస్తాను. కేన్సరే అయితే వేలు తీసెయ్యాల్సి వస్తుంది," అన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ వేలే మా ఇంటి అన్నం.

మూడు వారాలు, కొట్టు కట్టేశాక ఆ వాచిన వేలితోనే కోటు కుట్టారు. ఇప్పుడెందుకండీ అంటే, "చలి వస్తోందిగా" అన్నారు. పదకొండేళ్లుగా రాని చలి. నేను వంటింట్లోకెళ్లి ఏడ్చాను.

మళ్లీ వెళ్లేసరికి, కేన్సర్ కాదని ఆ నిపుణుడూ తేల్చి చెప్పలేకపోయారు. ఆపరేషన్ తేదీ రాసే ముందు డాక్టరమ్మ అన్నీ మళ్లీ మొదటినుంచీ అడిగారు.

"ఏం పని చేస్తారు?"

"దర్జీనండి."

"తోటపని, పశువుల పని ఏమైనా ఉందా?"

"లేదండి, కుట్టుపనే."

అంతటితో సరిపెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"మరి ప్రతి ఆదివారం కొట్లో చేపల తొట్టి కడిగేదెవరు? గ్లౌజులు వేసుకోమంటే, వాటితో గాజు మీద పాచి చేతికి తెలియదంటారు. ఆ చేపల మీదున్న శ్రద్ధ సొంత చేతి మీద లేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టేశారు. "చేపల తొట్టా?"

"కొలతలు తీసేటప్పుడు పిల్లలు కదలకుండా నిలబడతారని పెట్టానండి," అన్నారు మా ఆయన నసుగుతూ. "అది పని కాదు కదండీ, అందుకే చెప్పలేదు."

డాక్టరమ్మకి కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తెలియలేదు. అలాంటి నీళ్లలో ఒక సూక్ష్మజీవి ఉంటుందట, సూది గుచ్చుకున్న చోట నుంచి లోపలికి పోతుందట. "దానికి చల్లదనం కావాలి. మేము ఒంటి వేడిలో పెంచి చూశాం, అందుకే దొరకలేదు. ఆపరేషన్ ఆపుదాం," అని మళ్లీ ముక్క తీసి, తక్కువ వేడిలో పెంచమని ల్యాబ్‌కి రాశారు. వేలికి కట్టు కట్టడంతో కోటు హ్యాంగరుకెక్కింది. బొత్తాలు పట్టే కాజాలు మాత్రమే మిగిలాయి.

నాలుగు వారాల తర్వాత ఆవిడ మమ్మల్ని కూర్చోమనకుండానే చెప్పారు. "ల్యాబ్‌లో ఆ సూక్ష్మజీవి పెరిగింది. కేన్సర్ కాదు. నెలల తరబడి మాత్రలు వేసుకోవాలి, వేలికేం కాదు."

నా గుండెల మీది కుంపటి దిగింది. సిగ్గులేకుండా ఆ గదిలోనే ఏడ్చేశాను. మా ఆయన వేలు ముడుస్తూ, చాపుతూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక కోటు చూపించి, "ఇక ఆరు కాజాలేగా, కుట్టెయ్యండి," అన్నాను.

"వచ్చే నెల చూద్దాంలే," అన్నారు పేపరు తిరగేస్తూ.

పదకొండేళ్లలో ఆ మాట అంత కమ్మగా ఎప్పుడూ వినపడలేదు. ఆ చలికాలమంతా కోటుకి పిన్నీసులు పెట్టుకునే తిరిగాను. అడిగినవాళ్లతో, తొందరేముంది, మా ఆయన కుడతారులే అన్నాను.